మాసాయి పల్లెల్లో సంఘస్థాపన: ఊరు మొత్తానికి బాప్తిస్మమిచ్చి వెళ్ళిపోవడం సరైన పద్ధతేనా?

గుండ్లకమ్మ:
అందరికీ వందనాలు. సంఘస్థాపన, అంటే కొత్తచోట క్రైస్తవ సంఘం నెలకొల్పడం, ఆ మాట వస్తే చాలు, ఉత్తర టాంజానియాలో పశువులు కాచుకుని బతికే మాసాయిల ప్రాంతం లోలియోండో పేరు ఎత్తుతారు. అక్కడ జరిగిందేమిటో మాత్రం పూర్తిగా చెప్పరు. ముందు అది చెప్పి, తర్వాత నా మాట చెబుతాను.

1966 మేలో విన్సెంట్ డొనోవన్ అనే కాథలిక్ ఫాదర్ తన బిషప్‌కు ఉత్తరం రాశారు. మిషన్‌కు నాలుగు బడులున్నాయి, మంచి ఆసుపత్రి ఉంది, మాసాయిలతో స్నేహం ఉంది. విశ్వాసంలో నిలబడ్డ పెద్దవాడు మాత్రం ఒక్కడూ లేడు. బడి వదిలిన పిల్లలు ప్రార్థన కూడా వదిలేస్తున్నారు. అందుకని ఇవన్నీ పక్కనపెట్టి, పల్లెలకు వెళ్ళి దేవుడి గురించి మాత్రమే మాట్లాడతానని అనుమతి అడిగారు. ఒక్కో పల్లెకు వారానికి ఒక రోజు, పశువులు మేతకు కదలకముందే. అలా ఏడాది బోధ. ఆ తర్వాత తేల్చుకోవాల్సింది ఊరే. ఒక ఊరు అంతా విని వద్దంది, ఆయన అక్కడికి వెళ్ళడం మానుకున్నారు. ఇంకో ఊళ్ళో సరిగ్గా రానివాళ్ళనూ అర్థంకానివాళ్ళనూ తప్పించి మిగతావాళ్ళకే బాప్తిస్మం ఇస్తానంటే, న్దంగోయా అనే పెద్ద అడ్డం పడ్డాడు. చురుకైనవాళ్ళు మందకొడివాళ్ళను నడిపించారు, ఊరిని విడదీయొద్దన్నాడు. చివరికి ఊరంతటికీ ఇచ్చారు.

ఇదే సరైన దారి అంటాను. ఇళ్ళు, మంద, కట్నకానుకలు, తగాదాలు అన్నీ ఉమ్మడిగా నడిచేచోట ఒక్కడిని బయటికి లాగితే సంఘం ఏర్పడదు, ఒక వెలివాడు తయారవుతాడు.

రాతినేల:
గుండ్లకమ్మ గారూ, మీ పేరులో ఉన్న ఏరే మీకు జవాబు చెబుతుంది. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర, ఆ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంకె అందరికీ గుర్తే, దాని వెనకున్న రెండు సంగతులే మర్చిపోతాం.

ఒకటి, 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. ఆ పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. రెండోది ఇంకా ముఖ్యం. ఆరోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవాళ్ళు తెలుగు బోధకులు. ఎర్రగుంట్ల పేరయ్య 1866లోనే విశ్వాసంలోకి వచ్చి, తోళ్ళ వ్యాపారం మీద తిరిగిన ఊళ్ళన్నిటా, చుట్టరికం ఉన్న మాదిగపల్లెలన్నిటా మాట చేరవేశాడు. అంటే జనం రావడానికి పన్నెండేళ్ళ ముందే బోధకులు తయారవుతున్నారు.

లోలియోండోలో వరుస తిరగబడింది. బాప్తిస్మం ముందు, నాయకులు తర్వాత. పైగా కాథలిక్ పద్ధతిలో రొట్టె, ద్రాక్షరసం పంచే పూజ చెయ్యాలంటే గురుపట్టం, అంటే ఫాదరుగా అభిషేకం, కావాలి. దానికి ఏళ్ళ తరబడి సెమినరీ చదువు, బ్రహ్మచర్యం. నలుగురు భార్యలున్న పెద్దకు అది ఏ దారినా రాదు. ఫాదర్ జీపు రాకపోతే పూజ లేదు. వెళ్ళిపోయే పద్ధతి అని పేరు పెట్టి, వెళ్ళిపోవడానికి వీల్లేని ఏర్పాటు చేశారు.

దార్ తెలుగు:
రాతినేల అన్నా, గురుపట్టం సంగతి ఒప్పుకుంటాను. కానీ ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఆ అడ్డంకి లేదు కదా, అయినా మారుమూల సంఘాలు మూతపడుతూనే ఉన్నాయి. కారణం జీతం.

లెక్క చూడండి. పది కుటుంబాలు దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు, నిజంగా ఇస్తే, సగటు కుటుంబం బతికే రాబడి ఒక పాస్టరుకు వస్తుంది. మాసాయి పల్లెలో అది నోట్ల రూపంలో ఉండదు. పాలు, మేకపిల్ల, తేనె. ఎండాకాలంలో మంద దూరం పోతే అదీ ఉండదు. కాబట్టి తన మంద తను కాచుకునే సువార్తికుడే అక్కడ నిలుస్తాడు. బయటి సంస్థ నెలజీతం ఇచ్చిందనుకోండి, ఊళ్ళో అతనొక్కడే డబ్బు చూస్తాడు. ఇక కానుక ఎవరూ వెయ్యరు. సంస్థ మూడేళ్ళ ప్రాజెక్టు ముగియగానే అతను జీతమిచ్చే ఇంకో సంఘానికి పోతాడు, కొన్నిసార్లు జనంతో సహా.

మోటారుసైకిలూ అంతే. తూర్పు ఆఫ్రికాలో మన బజాజ్ బాక్సర్ ఎక్కడ చూసినా కనిపిస్తుంది, మెకానిక్కు దొరుకుతాడు. బండి కొనివ్వడం తేలిక. తుమ్మముళ్ళకు ట్యూబులు వరసగా పోతుంటాయి. ట్యూబులు, చైన్ సెట్టు, ఆయిలు, పెట్రోలు ఎవరివి? బండి ఎవరి పేరున ఉంది? ఇవి ముందే రాసుకోకపోతే, సువార్తికుడు మారినరోజు బండి కోసం సంఘం రెండు ముక్కలవుతుంది. ప్యాచీల సామాను, టైరు లీవర్లు, గాలిపంపు బండితోపాటే ఇవ్వాలి. పెట్రోలు ఖర్చు మొదటినెల నుంచే సంఘం ఎంతోకొంత పెట్టుకోవాలి.

విత్తనం:
నీళ్ళు లేని ఊరికి వెళ్ళి వాక్యం మాత్రమే చెబుతామంటే నా మనసు ఒప్పుకోదు బ్రదర్. ఆడవాళ్ళు గాడిదల మీద డబ్బాలు కట్టుకుని గంటలకొద్దీ నడుస్తుంటే, ఏడాది పాఠం చెప్పి వెళ్ళిపోతారా? బోరు వెయ్యండి, తర్వాత మాట్లాడండి.

దార్ తెలుగు:
విత్తనం గారూ, బోరు వద్దని ఎవరూ అనరు. కానీ సహారాకు దిగువన చేతిపంపుల్లో ఏ సమయంలో చూసినా నాలుగింట కనీసం ఒకటి పాడై ఉంటుంది. ఎందుకో చూడండి.

మన దగ్గర 1970లలో తయారైన ఇండియా మార్క్ టూ అక్కడంతా ఉంది. గట్టి పంపే. కానీ కింద సిలిండరులో వాషర్లు అరిగితే పైపులన్నీ పైకి లాగాలి. జీఐ పైపులు, లోతు 40 మీటర్లుంటే మనుషులు చేతులతో లాగేది కాదు, మూడుకాళ్ళ స్టాండు, క్లాంపులు, నలుగురైదుగురు కావాలి. నీళ్ళలో ఆమ్లగుణం ఉంటే పైపులు తుప్పుపట్టి నీరు ఎర్రబడుతుంది, కొన్నాళ్ళకు పైపు తెగి బోరులో పడుతుంది. ఆఫ్రిడెవ్ రకమైతే పైపు పీవీసీ, లోపలి ప్లంజరును పైపు తియ్యకుండానే పైకి లాగొచ్చు, సీలు ఊరివాళ్ళే మార్చుకుంటారు. అందుకని లోతు ఎక్కువ లేనిచోట అదే మేలు.

కానీ అసలు చిక్కు పశువులకాపరుల నేలలో ఉంది. చేతిపంపు మనుషులకు సరిపోతుంది, మందకు చాలదు. మందకు చాలేటంత మోటారు బోరు వేస్తే చుట్టుపక్కల మందలన్నీ అక్కడికే చేరి, చుట్టూ గడ్డి తొక్కుడుపడి నేల బోసిపోతుంది. ఆ నీళ్ళ దగ్గర హక్కు ఎవరిదన్న తగువులో సంఘం ఒక పక్షమైపోతుంది. బోరు ఊరి నీటి కమిటీ పేరున ఉండాలి, మందిరం ఆవరణకు బయట. బాప్తిస్మానికీ దానికీ ముడి ఉండకూడదు. క్లౌ చేసినట్టే.

శాంతి ఖమ్మం:
ఇంతసేపూ ఊరు, పెద్దలు, మంద. ఆడవాళ్ళ మాట విత్తనం గారొక్కరే ఎత్తారు, అదీ నీళ్ళ దగ్గరే.

అన్నయ్యలూ, "ఊరు ఒప్పుకుంది" అంటే పెద్దమగవాళ్ళు ఒప్పుకున్నారని. మాసాయి ప్రాంతంలో మిషన్ మొదట బడిపిల్లల వెంట పడింది, వాళ్ళలో ఎక్కువమంది మగపిల్లలే. తర్వాత డొనోవన్ పద్ధతిలో పల్లెలకు వెళ్ళింది, అక్కడా మాట పెద్దలతోనే. చివరికి సంఘం ఎవరితో నిండింది? ఆడవాళ్ళతో. 1950ల నుంచే ఒర్పెకో అనే ఆవేశం పట్టిన ఆడవాళ్ళు, బాప్తిస్మంతోనే అది వదులుతుందని తమంతట తామే వచ్చి అడిగారు. మగవాళ్ళు కొన్నిచోట్ల ఆపారు, కొన్నిచోట్ల వైద్యంగా ఒప్పుకున్నారు. ఫాదర్లు ఎదురుచూడని దారిలో సంఘం పెరిగింది. పెద్దల ఒప్పుదల కోసం ఏడాది కాచుకునే పద్ధతిలో, పెద్దలు వద్దన్న ఊళ్ళో ఈ ఆడవాళ్ళ సంగతేమిటి? వాళ్ళు కావాలన్నా ఫాదర్ వెళ్ళిపోవాలా?

ఇంకోటి, ఇద్దరు ముగ్గురు భార్యలున్న ఇల్లు. 1888లో ఆంగ్లికన్ బిషప్పుల లాంబెత్ సభ అలాంటి మగవాడికి బాప్తిస్మం వద్దంది. 1988 సభ, ఇకపై ఇంకో పెళ్ళి చేసుకోనని మాటిస్తే, స్థానిక సంఘం ఒప్పుకుంటే, భార్యాపిల్లలతో సహా చేర్చుకోవచ్చంది. ఉన్న భార్యలను పంపేయమని బలవంతపెట్టకూడదు అని కూడా అంది, వాళ్ళు దిక్కులేనివాళ్ళవుతారని. కాథలిక్ చట్టం ఇప్పటికీ ఒక్క భార్యనే ఉంచుకోమంటుంది, మిగతావాళ్ళకు తగిన ఏర్పాటు చెయ్యమంటుంది. కాగితం మీద సరే. మాసాయి ఇంట్లో ప్రతి భార్యకూ తను చేతులతో కట్టుకున్న గుడిసె వేరు, ఆమె ఇంటికి కేటాయించిన పశువులు వేరు, అవి ఆమె కొడుకులకు పోతాయి. ఆమెను పంపితే ఆ పాలు ఎవరివి, కొడుకు వాటా ఏది? బాప్తిస్మం తేదీ పెట్టకముందు ఇవి ఆ భార్యల దగ్గరే కూర్చుని తేల్చుకోవాలి, పెద్ద దగ్గర కాదు.

గుండ్లకమ్మ:
శాంతి గారు అడిగినదానికి నా పద్ధతిలో జవాబు లేదు, అది నిజమే. కానీ ఊరిని ఒక్కటిగా చూడ్డంలో నేను విలువిచ్చేది ఇది. మాసాయిల్లో గుప్పెడు గడ్డి శాంతికి గుర్తు. డొనోవన్ ఆ గడ్డిని పూజరోజు ఊరంతా చేతులు మార్చనిచ్చారు. ఎక్కడైనా ఎవరైనా పక్కింటివాడి మీద కోపంతో తీసుకోకపోతే ఆరోజు పూజ లేదు. మగవాళ్ళు ఆడవాళ్ళ ముందు తినని చోట ఒకే రొట్టె, ఒకే గిన్నె అందరూ పంచుకున్నారు. ఇది ఒక్కొక్కరిని బయటికి లాగే పద్ధతిలో జరగదు.

రాతినేల:
గడ్డి సంగతి గొప్పదే. ఆరోజు పూజ జరగాలా వద్దా అని చెప్పే అధికారం ఆ ఊరివాళ్ళలో ఒకరికి ఉండాలి, నేననేది అంతే.

దానికి చదువు ఎంత కావాలన్నది వేరే తగువు. రువాండా 2018 చట్టంలో పాస్టర్లకు వేదాంత విద్య డిగ్రీ తప్పనిసరి చేసింది. 2023లో కెన్యాలోని షాకహోలాలో బోధకుడి మాట విని ఆకలితో మాడి నాలుగు వందలమందికి పైగా చనిపోయాక, అలాంటి అదుపు కావాలనేవాళ్ళు పెరిగారు. ఆ భయం అర్థమవుతుంది. కానీ డిగ్రీ నిబంధన మారుమూలకు వస్తే పట్నం కుర్రాడే పాస్టరు, వాడు స్వాహిలిలో చెబుతాడు, ముసలమ్మలకు సగం అందదు. నేనైతే వారం రోజుల తరగతులు, ఏడాదికి నాలుగైదుసార్లు, వాన పడ్డాక మంద ఊరి దగ్గరే ఉండే నెలల్లో పెట్టమంటాను. పాఠం మాసాయి భాషలో, పుస్తకం లేకుండా, కథ విని తిరిగి చెప్పించాలి. చెప్పినవాడు కాకుండా విన్నవాళ్ళలో ఇంకొకరు తిరిగి చెబితేనే అందినట్టు. ఊరికి ఒక్కడు కాదు, కనీసం ముగ్గురు, వాళ్ళలో ఒక ఆడమనిషి. ఒక్కడే అయితే రేపు వాడే షాకహోలా.

దార్ తెలుగు:
స్థలం గురించి ఒకటి చేర్చనివ్వండి. లోలియోండోలో 2022 జూన్‌లో వన్యప్రాణుల కోసమని ప్రభుత్వం 1,500 చదరపు కిలోమీటర్లకు హద్దురాళ్ళు పాతినప్పటి నుంచి, బయటివాడు నేల కొలిస్తే జనం గుండె ఆగుతుంది. టాంజానియాలో 1999 గ్రామభూమి చట్టం ప్రకారం ఊరి భూమి గ్రామ కౌన్సిల్ చేతిలో ఉంటుంది, విదేశీయుడికి సొంతం కాదు. కాబట్టి మందిరానికి స్థలం అడగడమే మొదటి ఏడాది చెయ్యకూడని పని. చెట్టు కింద కూడండి. తర్వాత అడిగేది స్థానిక సంఘం, గ్రామసభలో, అందరి ముందు. గోడలు లింటెల్ ఎత్తు వరకు వాళ్ళే లేపాలి, రేకులు బయటినుంచి వచ్చినా ఫరవాలేదు. కర్రలకు చెదపురుగు పడుతుంది కనుక మొదళ్ళు కాల్చి, రాతి దిమ్మె మీద నిలబెట్టాలి.

శాంతి ఖమ్మం:
గ్రామసభలో అడిగేటప్పుడు ఆ ముగ్గురిలో ఉన్న ఆడమనిషి కూడా లేచి నిలబడి అడగాలని మినిట్స్‌లో రాయించండి. లేకపోతే మందిరం కట్టాక ఆమె నీళ్ళు మోసే మనిషిగానే మిగులుతుంది.