పేరు కొడితే పాత సంగతులన్నీ పైకి వస్తున్నాయి, క్లినిక్ తెరిచేలోగా ఏం చేయాలి?

ప్రశ్న (విశాఖ ఎంవీపీ కాలనీ, దంతవైద్యురాలు):

అందరికీ నమస్కారం. నేను పళ్ల డాక్టర్ని. ఇన్నాళ్లూ ఒక ఆసుపత్రిలో జీతానికి చేశాను. వచ్చే నెల ఎంవీపీ కాలనీలో సొంత క్లినిక్ తెరుస్తున్నాను. బోర్డు రాయించే ముందు సరదాగా నా పేరు గూగుల్‌లో కొట్టి చూశాను. అప్పటి నుంచి నిద్ర లేదు.

మొదటిది, 2010లో కాలేజీలో ఉండగా రాసుకున్న బ్లాగు. అప్పట్లో ఇష్టపడిన అబ్బాయి మీద కవితలు, అతని పేరుతో సహా. ఆ మెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోయి పదేళ్లు దాటింది. రెండోది, 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టు. హౌస్ సర్జన్‌గా ఉన్నాను, రోజుల తరబడి కరెంటు లేదు, స్నానానికి నీళ్లు లేవు. ఆ చిరాకులో మా దగ్గరికి వచ్చే పేషెంట్లను నోటికొచ్చినట్టు రాశాను. ఇప్పుడు చదువుతుంటే నాకే సిగ్గేస్తోంది. మూడోది, రుషికొండ దగ్గర రిసార్టులో స్నేహితురాలి సంగీత్‌లో నేను చేసిన డాన్సు. తను యూట్యూబ్‌లో పెట్టింది, టైటిల్‌లోనే నా పూర్తి పేరు.

నాలుగోదే అసలు బాధ. నా విడాకుల కేసులో 2021లో హైకోర్టు ఇచ్చిన ఒక ఆర్డరు, తీర్పులు పెట్టే సైటులో ఉంది. నా పేరుంది, ఆయన నా మీద వేసిన నిందలన్నీ ఉన్నాయి.

మా అన్నయ్య ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ కింద కేసు పెట్టమంటున్నాడు. ఒక కంపెనీవాళ్లు నలభై వేలిస్తే మొత్తం తుడిచేస్తామంటున్నారు, పాస్‌వర్డ్‌లు కూడా అడుగుతున్నారు. ఎటు వెళ్లాలో తెలియట్లేదు.

జవాబు (మధురవాడ, వెబ్‌సైట్లు చేసే పని):

డాక్టరుగారూ, ముందు ఆ నలభై వేలు పర్సులోనే ఉంచండి. పాస్‌వర్డ్ అడిగినవాడికి డబ్బు ఇవ్వకూడదు, మాట కూడా ఇవ్వకూడదు. వాళ్లు చేసేది చాలావరకు మీరు ఇంట్లో కూర్చుని చేసుకోగలిగేదే.

మీరు నాలుగింటినీ ఒకే మూటలో కట్టి భయపడుతున్నారు. మూట విప్పండి. ఒక్కో దాని తాళం ఒక్కొక్కరి దగ్గర ఉంది. బ్లాగు, ఫేస్‌బుక్ పోస్టు మీ చేతిలోవి. వీడియో మీ స్నేహితురాలిది. ఆర్డరు కోర్టుది. గూగుల్ దగ్గర ఏ తాళమూ లేదు, అది దారి చూపించేది మాత్రమే. గూగుల్ ఫలితం తీసేసినా అసలు పేజీ అక్కడే ఉంటుంది. అందుకే ముందు మూలం దగ్గర తీయించి, ఆ తర్వాతే గూగుల్ దగ్గరికి వెళ్లాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, ఏమీ కాలేదని నీరసపడతారు.

ఇంకో మాట. మీ ఫోన్లో మీరే వెతికితే మీ అలవాట్లను బట్టి ఫలితాలు కాస్త మారతాయి. ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే మీ పాత వెతుకులాటలు లెక్కలోకి రాని బ్రౌజర్ విండోలో వెతకండి, వీలైతే ఇంకొకరి ఫోన్లో కూడా. పేరు పక్కన "విశాఖపట్నం" అని ఒకసారి, "వైజాగ్" అని ఒకసారి కొట్టండి. మన ఊరివాళ్లు రెండోదే ఎక్కువ కొడతారు. పుట్టింటి ఇంటిపేరుతో, అత్తింటి ఇంటిపేరుతో, తెలుగులో, ఇంగ్లీషులో, బొమ్మల్లో, మీ ఫోన్ నంబరుతో కూడా చూడండి. దొరికిన ప్రతిదాని లింకు, తేదీ ఒక పుస్తకంలో రాసుకోండి. స్క్రీన్‌షాట్ తీయకుండా ఏదీ చెరపకండి.

జవాబు (ద్వారకానగర్, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి):

అమ్మా, పంటి నొప్పితో దవడ పట్టుకుని వచ్చినవాడు నీ కవితలు చదువుతాడా? నేనైతే డాక్టరు చెయ్యి తేలికా కాదా అనే చూస్తాను. అయినా విడాకులు దాచుకోవాల్సిన తప్పేం కాదు కదా.

ప్రశ్న అడిగినవారు:

అంకుల్, విడాకులు దాచట్లేదు, మా వీధిలో అందరికీ తెలుసు. ఆ ఆర్డరులో ఉన్నది ఆయన పిటిషన్‌లో రాయించిన మాటలు. కోర్టు వాటిని నిజమని తేల్చలేదు. చదివేవాళ్లకు ఆ తేడా తెలియదు, అదే నా బాధ.

జవాబు (సూర్యాబాగ్, న్యాయవాది):

మీ అన్నయ్యగారికి చెప్పండి, 66ఏ ఇప్పుడు లేదు. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. ఇంకా చాలామంది నోట అదే నంబరు వినిపిస్తోంది.

మీ నాలుగో సంగతికి పనికొచ్చేది వేరే ఉంది. హిందూ వివాహ చట్టం, 1955లోని 22వ సెక్షన్ చూడండి. ఆ చట్టం కింద నడిచే కేసులు మూసిన తలుపుల వెనుకే విచారించాలి, వాటి గురించి ఎవరూ ఏదీ అచ్చువేయకూడదు. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులకు మాత్రం మినహాయింపు ఉంది, అదీ కోర్టు ముందుగా అనుమతిస్తేనే. ఉల్లంఘిస్తే జరిమానా వెయ్యి రూపాయల వరకే. 1955 నాటి వెయ్యి అనుకోండి, ఇప్పుడు అది ఎవరినీ భయపెట్టదు. కానీ అర్జీలో ఈ సెక్షన్ చూపిస్తే మీ వాదనకు బలం వస్తుంది.

చేయాల్సింది, ఆర్డరు ఇచ్చిన కోర్టులోనే పేర్లు కనబడకుండా చేయమని అర్జీ వేయడం. 2019లో మన రాష్ట్రానికి వేరే హైకోర్టు వచ్చింది, మీది 2021 ఆర్డరు కాబట్టి అమరావతిలోని మన హైకోర్టుకే వెళ్లాలి. ముందుగా ఆ సైటువాళ్లకు ఒక మర్యాదైన మెయిల్ పంపండి, ఒక్కోసారి అక్కడే తేలిపోతుంది. బెదిరిస్తూ రాయకండి. అలాంటి నోటీసులు వాళ్లు రోజూ చూస్తుంటారు.

ఎక్కువ ఆశ మాత్రం పెట్టుకోకండి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. కానీ ఆ హక్కు పాత తీర్పులను కనబడకుండా చేసేంత దూరం వెళ్తుందా అన్నదానిపై కోర్టులు ఒకే మాట మీద లేవు. 2021లో ఢిల్లీ హైకోర్టు, నిర్దోషిగా తేలిన ఒక వ్యక్తి తీర్పు సెర్చ్‌లో రాకుండా చూడమని మధ్యంతర ఆదేశం ఇచ్చింది. 2024లో మాత్రం, తీర్పు తొలగించమని మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు నిలిపివేసింది.

జవాబు (గోపాలపట్నం, ఐటీ ఉద్యోగి):

గూగుల్‌లో "నన్ను మర్చిపోండి" అని ఒక ఫారం ఉంటుంది కదండీ, అది నింపితే సరిపోదా?

జవాబు (మధురవాడ):

ఆ ఫారం యూరప్ వాళ్లకు తమ్ముడూ. 2014లో అక్కడి కోర్టు ఇచ్చిన తీర్పు వల్ల వచ్చింది. మన దేశంలో ఉన్నవాళ్లకు గూగుల్ పాలసీ వేరే. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, బ్యాంకు వివరాలు, సంతకం, గుర్తింపు కార్డు బొమ్మలు, అనుమతి లేకుండా పెట్టిన అసభ్య చిత్రాలు లాంటివి ఫలితాల్లోంచి తీయమని అడగొచ్చు. "ఈ కవిత నాకు ఇబ్బందిగా ఉంది" అంటే తీయరు.

2023 డేటా రక్షణ చట్టం మీద కూడా ఎక్కువ భరోసా పెట్టుకోవద్దు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అయితే మనంతట మనమే బహిరంగంగా పెట్టుకున్న సమాచారానికి ఆ చట్టం వర్తించదు. డాక్టరుగారి బ్లాగు అచ్చంగా అదే.

ఇక పనులు. ఫేస్‌బుక్ సెట్టింగుల్లో పాత పోస్టులన్నిటినీ ఒక్క దెబ్బతో "ఫ్రెండ్స్"కు మాత్రమే పరిమితం చేసే ఆప్షన్ ఉంది. అది వాడండి. మళ్లీ ఒక్కసారిగా వెనక్కి మార్చడం కుదరదు, మీకు ఆ అవసరం కూడా రాదు. హుద్‌హుద్ పోస్టును మాత్రం పూర్తిగా డిలీట్ చేయండి, ఫ్రెండ్స్‌లో ఎవరు స్క్రీన్‌షాట్ తీస్తారో చెప్పలేం.

బ్లాగు కోసం గూగుల్ అకౌంట్ రికవరీ ప్రయత్నించాలి. ఇక్కడ చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. కొత్త ఫోన్లోంచి అడిగితే గూగుల్ అనుమానిస్తుంది. అప్పట్లో మీరు వాడిన కంప్యూటర్, అప్పటి ఇల్లు, అప్పటి బ్రౌజర్ అయితే నమ్మే అవకాశం ఎక్కువ. గుర్తున్న పాత పాస్‌వర్డ్ ఏదైనా సరే కొట్టండి, తప్పైనా ఖాళీగా వదలడం కంటే మేలు. పాత కంప్యూటర్ ఎక్కడైనా ఉందా?

ప్రశ్న అడిగినవారు:

గాజువాకలో నాన్నగారింట్లో అటక మీద ఉండాలి. తూకానికి అమ్మేయకపోతే!

జవాబు (సీతమ్మధార, గృహిణి):

ఆ యూట్యూబ్ వీడియో విషయంలో కంప్లయింట్ వద్దు చెల్లీ. గోప్యత కింద ఫిర్యాదు చేస్తే యూట్యూబ్ పెట్టినవాళ్లకు 48 గంటలు టైమిస్తుంది, అప్పుడు ఆ అమ్మాయికి నోటీసు వెళ్తుంది. పెళ్లి వీడియో మీద నోటీసు వస్తే ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించు. ఫోన్ చేసి టైటిల్లోంచి నీ పేరు తీసేయమను. సెర్చ్‌లో పట్టుకునేది ఆ పేరునే, డాన్సును కాదు.

పక్క ప్రశ్న (పెందుర్తి, విద్యార్థిని):

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నా ఫ్రెండ్‌ని ఒకడు ఫోటోలు బయటపెడతానని బెదిరిస్తున్నాడు. ఇలాంటిదానికి కూడా ఇవే దారులా?

జవాబు (న్యాయవాది):

కాదు తల్లీ, ఇది పూర్తిగా వేరు. ఇందులో పరువు లెక్కలు చూసుకుంటూ కూర్చోకూడదు. వాడికి డబ్బు ఇవ్వొద్దు, బ్రతిమాలొద్దు, మెసేజులు ఒక్కటీ చెరపొద్దు. నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో మహిళలపై నేరాల విభాగం ఉంది, అక్కడ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. బెదిరింపు భారతీయ న్యాయ సంహిత 351 కిందికి వస్తుంది. అనుమతి లేకుండా ఒంటి రహస్య భాగాల చిత్రాలు తీసినా, పంచినా ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల వరకు జైలు. ఫోటో ఇంకా బయటికి రాకముందే స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ వాడుకోవచ్చు. ఫోటో వాళ్లకు ఇవ్వక్కర్లేదు. మీ ఫోన్లోనే దాని డిజిటల్ వేలిముద్ర తయారవుతుంది, అదొక్కటే వెళ్తుంది. అందులో చేరిన కంపెనీలు అలాంటి ఫోటో తమ దగ్గరికి వస్తే అడ్డుకుంటాయి. ముందు ఇంట్లో ఒక పెద్దవాళ్లకు చెప్పమను, ఈ రాత్రే.

జవాబు (మధురవాడ):

డాక్టరుగారికి మిగిలిన సగం. తీసేయడం ఒక పనైతే, ఖాళీని నింపడం ఇంకో పని. మీ పేరు మీద ఇంటర్నెట్‌లో ఏమీ లేదు కాబట్టే 2010 నాటి కవిత మొదటి పేజీలోకి వచ్చింది. క్లినిక్‌కు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరిచి వెరిఫై చేయించండి. లింక్డ్‌ఇన్ ఖాతా తెరవండి, పేరు వెతికితే అది త్వరగానే పైకి వస్తుంది. మీ పేరుతో చిన్న వెబ్‌సైటు, నాలుగు పేజీలు చాలు. మీ వృత్తి నియమావళి పేషెంట్ల కోసం ప్రచారం చేసుకోవడాన్ని ఒప్పుకోదు, కాబట్టి సొంత డబ్బా వద్దు. చదువు, రిజిస్ట్రేషన్ నంబరు, వేళలు, చిరునామా, పిల్లల పళ్ల గురించి రెండు ఉపయోగపడే వ్యాసాలు. అన్నిచోట్లా పేరు స్పెల్లింగ్ ఒక్కటే ఉండాలి. మన పేర్లకు ఇంగ్లీషులో పది స్పెల్లింగులు, ఒకచోట ఒక 'ఏ', ఇంకోచోట రెండు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో ఎలా ఉందో బోర్డు మీద కూడా అలాగే రాయించండి.

ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫెషనల్ ఖాతా తెరిస్తే జాగ్రత్త. 2025 జులై నుంచి అలాంటి ఖాతాల పబ్లిక్ పోస్టులు గూగుల్‌లో కనబడే వీలు కల్పించారు. సెట్టింగుల్లో ఆపుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత):

చెప్పినవాళ్లందరికీ దండాలు. జరిగింది చెబుతాను.

ఫేస్‌బుక్ పని పది నిమిషాల్లో అయిపోయింది. స్నేహితురాలు ఫోన్లోనే నవ్వి టైటిల్ మార్చేసింది. కంప్యూటర్ అటక మీదే ఉంది, నాన్న దానికి పాత దుప్పటి కప్పి ఉంచారు. తీసి వైరు పెడితే గుర్రుమంటూ లేచింది. మొదటి రోజు గూగుల్ ఒప్పుకోలేదు. రెండో రోజు మా పాత కుక్క పేరు, పక్కన నా హాల్‌టికెట్ నంబరు కొడితే లోపలికి రానిచ్చింది! ముందు అన్నీ దించుకుని, తర్వాత బ్లాగు డిలీట్ చేశాను. అయినా వారం పాటు సెర్చ్‌లో రెండు లైన్లు కనబడుతూనే ఉన్నాయి. గూగుల్‌లో పాతబడిన ఫలితాలను తాజా చేయమని అడిగే టూల్ ఉంది కదా, అందులో లింకు ఇస్తే పోయాయి.

తీర్పుల సైటువాళ్లు కోర్టు ఆర్డరు తెస్తే పేరు మారుస్తామని జవాబిచ్చారు. లాయరుగారి ద్వారా అర్జీ వేశాం, ఇంకా విచారణకు రాలేదు. క్లినిక్ ఈలోగానే తెరుస్తున్నాను.

వెతుకులాటలో ఇంకోటి బయటపడింది. ట్రూకాలర్‌లో నా నంబరుకు "కోపం మేడం" అని వస్తోంది. ఎవరి ఫోన్లో అలా సేవ్ అయ్యుందో నాకు అర్థమైంది, పేరు చెప్పను. యాప్‌లో ఖాతా ఉన్నవాళ్లు అందులోనే పేరు సరిచేసుకోవచ్చట, సరిచేశాను.

జవాబు (ద్వారకానగర్):

కవితలు పారేశావా తల్లీ?

ప్రశ్న అడిగినవారు:

లేదు అంకుల్, పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. మూడు పర్వాలేదు, మిగతావి ఎవరి కంటా పడకూడదు.

జవాబు (మధురవాడ):

"వైజాగ్" అని కూడా కొట్టి చూశారా?

ప్రశ్న అడిగినవారు:

చూశాను. క్లినిక్ మొదట వస్తోంది, కోర్టు ఆర్డరు రెండో పేజీకి దిగింది. సంగీత్ వీడియో పేరు లేకుండా అలాగే ఉంది. తీసేయమని అడగలేదు. డాన్సు బాగానే చేశాను.