కొత్త గేమ్ స్టూడియోకు తెలుగు పేరా, కొత్తగా కట్టిన పదమా?

పిక్సెల్_పిట్ట:
మొబైల్ గేమ్స్ చేయబోతున్న ఒక జట్టు "తొక్కుడుబిళ్ల గేమ్స్" అనే పేరు అనుకుంటోంది. అర్థంతో పనిలేని చిన్న పదమేదైనా కట్టుకోమని ఇంకొందరి సలహా. నా ఓటు తెలుగుకే. హైదరాబాద్‌లోని ఓగ్రే హెడ్ స్టూడియో 2017లో తెచ్చిన ఆట పేరు "అసుర". స్టూడియో పేరు మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉంది. పుణేలో "రాజీ" అనే ఆట చేసిన నాడింగ్ హెడ్స్ స్టూడియోదీ అదే దారి. మన మాట ఆట దాకా వచ్చి స్టూడియో గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోవాలి?

షేడర్_స్వామి:
గుమ్మం దగ్గర ఆపేది స్పెల్లింగ్ అండీ. ఈ పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాయమంటే "త"కి ఒకరు టీ రాస్తారు, ఇంకొకరు టీహెచ్ రాస్తారు. నడుమ ఖాళీ వదలాలా వద్దా అన్నది మళ్లీ వేరే తగువు. చెవిన విన్నవాడు స్టోర్‌లో వెతికితే దొరకదు. ఇంకో చిక్కు: గేమ్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రో తెలుగు ఒత్తులను సరిగా కూర్చదు. "క్కు", "ళ్ల" రెండూ విడిపోయి కనిపిస్తాయి. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ గోడో 4లో ఆ బాధ లేదు. యూనిటీ వాడేవాళ్లు లోగోనూ క్రెడిట్స్‌లో స్టూడియో పేరునూ బొమ్మగానే పెట్టుకోవాలి.

మార్క్_మాటలు:
ఇద్దరూ ట్రేడ్‌మార్క్ సంగతి వదిలేశారు. తొక్కుడుబిళ్ల అసలే ఒక ఆట పేరు. ఆటలు అమ్మడానికి అదే పేరు అడిగితే, సరుకును వర్ణించే మాట అని ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9 కింద అభ్యంతరం రావడానికే ఎక్కువ అవకాశం. వామనగుంటలు, బిళ్లంగోడు అన్నా అంతే. ఆటలతో సంబంధం లేని తెలుగు మాటైతే నిలుస్తుంది.

ట్రేడ్‌మార్క్ దరఖాస్తులో సరుకులను, సేవలను క్లాసులుగా విడదీస్తారు. డౌన్‌లోడ్ చేసుకునే గేమ్ క్లాస్ 9లోకి, ఆన్‌లైన్ గేమ్ సేవ క్లాస్ 41లోకి వస్తాయి. ఇతరులకు గేమ్స్ చేసిపెడితే క్లాస్ 42 కూడా కావాలి. వ్యక్తులకు, స్టార్టప్‌లకు ఆన్‌లైన్‌లో క్లాసుకు 4,500 రూపాయలు, మామూలు కంపెనీకి 9,000. దరఖాస్తుకు ముందు ట్రేడ్‌మార్క్ ప్రభుత్వ కార్యాలయం ఐపీ ఇండియా సైట్‌లో వర్డ్‌మార్క్ సెర్చ్‌తో ఆగకండి, ఫొనెటిక్ సెర్చ్ కూడా చేయండి. స్పెల్లింగ్ వేరైనా ఒకేలా పలికే పేర్లు అక్కడే బయటపడతాయి. దరఖాస్తు ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో అచ్చయ్యాక నాలుగు నెలలు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. రిజిస్టర్ కాకముందే వృత్తంలో ఆర్ గుర్తు పెట్టడం నేరం, అప్పటిదాకా టీఎం చాలు.

గోదారి_గట్టు:
పురాణాల పేర్ల మీద మోజున్నవాళ్లకు ఒక మాట. "రామాయణ్" అన్న పేరును అగరుబత్తీల మీద ఒక్కరి సొంతం చేయడం కుదరదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. గ్రంథం పేరుతో స్టూడియో పెడితే దాన్ని కాపాడుకోవడం కష్టం.

పిక్సెల్_పిట్ట:
మార్క్ గారి మాట ఒప్పుకుంటాను, తొక్కుడుబిళ్ల వద్దు. కానీ స్పెల్లింగ్ వాదన తెలుగంతటికీ వర్తించదు. త, ద, ట, డ, ణ, ళ, దీర్ఘాలు లేని మాట తీసుకుంటే చాలు. "నెమలి", "పొగమంచు" లాంటివి ఎవరు రాసినా దాదాపు ఒక్కలాగే వస్తాయి. పదిమందికి పేరు ఫోన్‌లో చెప్పి రాయమనండి. ముగ్గురు వేరుగా రాస్తే ఆ పేరు పక్కన పెట్టేయండి.

షేడర్_స్వామి:
అలాంటి మాటైతే నాకూ సమ్మతమే. కంపెనీ పేరు మాత్రం వేరేది పెట్టి, బ్రాండ్‌గా తెలుగు పేరు వాడితే సరిపోదా? ముందుముందు బ్రాండ్ మార్చుకోవడం తేలిక.

మార్క్_మాటలు:
ఆండ్రాయిడ్‌కూ, కంప్యూటర్ గేమ్స్ అమ్మే స్టీమ్‌కూ సరిపోతుంది, డెవలపర్ పేరు మనమే రాసుకుంటాం. ఆపిల్‌తోనే చిక్కు. సంస్థ ఖాతాలో అమ్మకందారుగా కనిపించేది చట్టబద్ధమైన కంపెనీ పేరే, ట్రేడ్ నేమ్ ఒప్పుకోదు. విడి వ్యక్తిగా చేరితే మీ సొంత పేరే పడుతుంది. తర్వాత కంపెనీ పేరు మార్చాలంటే ప్రత్యేక తీర్మానం చేసి, ఎంజీటీ-14, ఐఎన్‌సీ-24 ఫారాలు పెట్టాలి, ఆపైన పాన్, జీఎస్టీ, బ్యాంకు, సంస్థను గుర్తించే డన్స్ నంబరు అన్నీ దిద్దుకోవాలి. ఆపిల్ ఫోన్ల ఐఓఎస్‌లో రావాలనుకుంటే, కంపెనీ నమోదు ఫారం స్పైస్ ప్లస్ పార్ట్ ఏలోనే బ్రాండ్ పేరు రాయండి. అక్కడ రెండు పేర్లు ఇవ్వొచ్చు, ఆమోదిస్తే 20 రోజులు మీకోసం అట్టిపెడతారు. చివర "గేమ్స్" తీసి "స్టూడియోస్" చేర్చినంత మాత్రాన ఇప్పటికే ఉన్న కంపెనీ పేరుకు వేరైనట్టు కాకపోవచ్చు. ఆమోదం వచ్చినంతలో ట్రేడ్‌మార్క్ వచ్చినట్టూ కాదు.

షేడర్_స్వామి:
ఐఓఎస్ మొదటి ఏడాది ప్రణాళికలో లేని జట్టుకు నేను ఇప్పటికీ కంపెనీకొకటి, బ్రాండ్‌కొకటి రెండు పేర్లే చెబుతాను. మొదటి ఆట తర్వాత దిశ మారే స్టూడియోలూ ఉంటాయి.