ప్రాంతీయ ఆర్చరీ సంఘంలో రికార్డుల పని చెయ్యమంటున్నారు, ఒప్పుకోవచ్చా?

కొత్తబాణం:
నాలుగేళ్లుగా రికర్వ్ (కొసలు ముందుకు వంగి ఉండే విల్లు) వేస్తున్నాను. మొన్న మా ప్రాంతీయ సంఘం సర్వసభ్య సమావేశానికి ఊరికే వెళ్తే, రికార్డులు, అంటే పోటీల్లో వచ్చిన అత్యుత్తమ స్కోర్లు, చూసేవాళ్లు ఎవరూ లేరు అనగానే అందరూ నావైపే చూశారు. ఆలోచించి చెప్తానని బయటపడ్డాను. అక్కడ జీతం తీసుకునేవాళ్లు ఒక్కరూ లేరు, అందరూ ఖాళీ టైమ్‌లో చేసేవాళ్లే. అసలు ఈ పనిలో ఏముంటుంది, వారానికి ఎంత టైమ్ పోతుంది, నా ప్రాక్టీస్ దెబ్బతింటుందా? చేసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

పాతకార్యదర్శి:
వారానికి ఇంత అని లెక్క ఉండదండీ. పోటీలు లేని నెలల్లో ఒక్క మెయిల్ కూడా రాదు. సీజన్ మొదలైందంటే ఆదివారం రాత్రి నుంచే మడతలు పడ్డ స్కోర్ షీట్ల ఫోటోలు మొదలు. ఆ పోటీ ముందే నమోదైందా, జడ్జి ఉన్నారా, ఆర్చర్‌తో పాటు స్కోర్ రాసినవాళ్లు కూడా సంతకం పెట్టారా, కూడిక సరిపోయిందా, ఇవన్నీ మీరే చూడాలి. రికర్వ్‌కి 70 మీటర్లు, 122 సెంటీమీటర్ల టార్గెట్. కాంపౌండ్‌కి, అంటే కప్పీలున్న విల్లుకి, 50 మీటర్లు, 80 సెంటీమీటర్లది. రెండింటికీ 72 బాణాలే, గరిష్ఠం 720, అందుకని కొందరు స్కోర్ మాత్రం రాసి ఏ విల్లో రాయరు, మళ్లీ మీరే ఫోన్ చెయ్యాలి!

కాగితాల పని ఎలాగో అయిపోతుంది, కష్టం వేరే ఉంది. ఒకసారి ఒక అబ్బాయి రెండు పాయింట్ల తేడాతో పాత రికార్డు దాటాడు, నేను తిరిగి కూడితే మూడు పాయింట్లు తక్కువ వచ్చాయి. ఆ మాట వాళ్ల నాన్నకి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

గీతమీదబాణం:
జడ్జిగా ఒక మాట. బాణం టార్గెట్ మీద రెండు వలయాల మధ్య గీతను తాకితే ఎక్కువ పాయింటే, కానీ అది బాణం లాగకముందు మైదానంలో తేలాల్సిన విషయం. తర్వాత ఎవరైనా ఫోటో పంపి ‘ఇది పదే కదా సార్’ అంటే మీరు వేలు పెట్టకండి. ఇంక ప్రాక్టీస్ అంటారా, రికార్డుల పనితో పోదు, కమిటీలో ఉన్నారు కదా అని పోటీ రోజు పొద్దున్నే చేతికి టేపు ఇస్తారు చూడండి, దానితో పోతుంది. మీరు దూరాలు కొలుస్తుంటే మీ విల్లు పెట్టెలోనే ఉంటుంది.

కాంపౌండ్అమ్మ:
మా క్లబ్బు ఏటా ఫీజు కడుతోంది, అయినా ఒకే ఆదివారం రెండు పోటీలకి ఎలా ఒప్పుకుంటారో నాకర్థం కాదు. పాప ఏదో ఒకటి వదులుకోవాల్సి వచ్చింది.

పాతకార్యదర్శి:
మీ కోపం న్యాయమే అమ్మా. తేదీలు చూసే మనిషి మధ్యలో మానేస్తే ఆ పని కోశాధికారి మీద పడింది, ఆయనకి మైదానాల సంగతి తెలీదు. మీ క్లబ్బు నుంచి ఒకరు వస్తే తేదీలు వాళ్లకే అప్పజెప్తాం, నిజంగానే అంటున్నా.

కొత్తబాణం:
సరే, ఒక్క సీజన్ చేస్తాను, తర్వాత వేరేవాళ్లని చూసుకోండి అని రాసి ఇచ్చేద్దామనుకుంటున్నా. ఒకటే డౌట్, పాత రికార్డుల ఫైల్ ఎక్కడుందని ఎవర్ని అడిగినా ఇంకొకరి పేరు చెప్తున్నారు.

గీతమీదబాణం:
అయితే అది ముందు చేసినాయన ల్యాప్‌టాప్‌లోనే ఉండుంటుంది. ఫైల్ మీ చేతికి వచ్చాకే ఒప్పుకోండి.