రాజు తిరగబడితే ‘జారు’ అవుతుందా?

మొన్న ఒక పత్రిక ఆదివారం గడిలో, అంటే తెలుగు క్రాస్‌వర్డ్‌లో, వచ్చిన అడ్డం ఆధారం మీద ఇక్కడ చర్చ నడుస్తోంది కదా, "రాజు తిరగబడితే పట్టు తప్పు (2)" అని. బ్రాకెట్లో అంకె జవాబుకి పట్టే గళ్ళ లెక్క. పట్టు తప్పు అంటే జారు కాబట్టి జవాబు జారు అట. చాలామంది భలే ఉందన్నారు గానీ నాకు మాత్రం మింగుడు పడలేదు. రాజును తిరగేస్తే వచ్చేది జురా. జారు రావాలంటే ర, జ రెండూ చోట్లు మార్చుకుని, దీర్ఘమూ కొమ్మూ మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోవాలి. ఆ సంగతి ఆధారంలో ఎక్కడుంది? తిరగబడడం అంటే గళ్ళు తిరగబడడమే అనుకుని మొదటి గడిలో జు వేసుకున్నవాళ్ళకి అదే గడిలో మొదలయ్యే నిలువు జవాబు జాతర తగిలేదాకా ఏం జరిగిందో అర్థం కాదు.

ఇంగ్లీషు క్రాస్‌వర్డ్‌లో ఈ పేచీ లేదు, ఒక లెటర్ ఒక గడి, అంతే. మనకు స్త్రీ అన్నా ఒకే గడి, అందులో మూడు హల్లులూ ఒక అచ్చూ కూర్చుని ఉంటాయి. రం అన్నా ఒకటే గడి, సున్నాకు విడిగా చోటు లేదు. అందుకే మన గడికి కొలమానం గుణింతమూ ఒత్తూ సున్నా అన్నీ కలుపుకున్న అక్షరమే అని నా నమ్మకం. ఈ లెక్క తప్పకుండా ఎంత మంచి ఆధారం ఇవ్వొచ్చో చూడండి: "పెన్ను తిరగేస్తే గోదావరి మధ్యలో తేలాం (2)". కలం తిరిగితే లంక. సున్నా తన ‘ల’ను వదలకుండా దాంతోపాటే ముందుకొచ్చింది, అర్థం కూడా కోనసీమ వాళ్ళకి టక్కున వెలుగుతుంది. చిలక వెనుదిరిగితే కలచి, మజా వెనక్కి నడిస్తే జామ, ఇవన్నీ నిక్కమైన తిరగేతలే.

"అలా పట్టుకు కూర్చుంటే గడి కూర్చే కూర్పరికి చేతులు కట్టేసినట్టే, మన అక్షరాలతో ఎనాగ్రాములు, అంటే ఒక మాట అక్షరాల్ని తారుమారు చేసి ఇంకో మాట చేయడాలు, ఎన్నని కుదురుతాయండీ" అని పైన ఒకరు అడిగారు. నిజమే, ఇంగ్లీషులో కుదిరినన్ని కుదరవు. కానీ మన బలం అక్కడ లేదండీ, మాటను విరవడంలో ఉంది. "స్వప్నం తర్వాత దేవుడిచ్చింది ఆందోళన (4)" అంటే కల, వరం కలిసి కలవరం. "మా మిడిసిపాటులో కనిపించిన పండు (3)" అంటే మామిడి, కళ్ళెదుటే పెట్టి దాచేశారు. మనవాళ్ళు సభంగ శ్లేష అన్నది ఈ విరుపునే కదా, పింగళి సూరన ఒకే పద్యంలో రామాయణాన్నీ భారతాన్నీ నడిపించిన భాష ఇది, రెండు గళ్ళ ఆధారానికి ఇబ్బంది పడుతుందా! సరిగమలు కూడా మన కూర్పరులకు పెద్ద ఆస్తి. "కలం మధ్యలో మధ్యమం పూసింది (3)" అన్నప్పుడు మధ్యమం అంటే ‘మ’ అని తట్టగానే కమలం విచ్చుకుంటుంది. ఆ ఒక్క క్షణం కోసమే కదా ఆదివారం పొద్దున కాఫీ చల్లారబెట్టుకునేది.

అలాగని హల్లుల్ని విడదీయకూడదని నేను అనడం లేదు. విడదీస్తే చెప్పాలి, అంతే. "రాజుగారి హల్లులు తారుమారైతే పట్టు తప్పు" అని ఉంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు, పైగా మెచ్చుకునేవాణ్ణి. 1949లో ఇంగ్లండులో అఫ్రిట్ అనే కలంపేరుతో గళ్ళు కూర్చినాయన పెట్టిన షరతు ఇదే: కూర్పరి పైకి అన్నమాటే ఉద్దేశించక్కర్లేదు గానీ, ఉద్దేశించింది మాత్రం ఎలాగోలా అని తీరాలి. ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నా, శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అన్నా, మనం గడి అని పిలుచుకున్నా, పూరించేవాడికి న్యాయం జరిగేది ఆ ఒక్క షరతు మీదే. జవాబు చూశాక "అరె, ఇంత ఎదురుగా ఉందే" అనిపించాలి గానీ, "ఇలా కూడా చేస్తారా" అనిపించకూడదు.

ల–ళ, హ్రస్వ–దీర్ఘాలు ఒకటిగా తీసుకోవడం గురించి అడిగినవారికి: నేనైతే అసలు ఒప్పుకోను. కలకీ కళకీ తేడా లేదంటే ఇక గడి ఎందుకు?

సరే, అక్షరం లెక్క తప్పకుండా నేను కూర్చింది ఒకటి ఇస్తున్నాను, విరవండి: "నిషాదంతో మొదలై నాశనమైనా అది ఇల్లే (3)". తెలిసినవాళ్ళు రాత్రి దాకా ఆగండి, కొత్తగా మొదలుపెట్టినవాళ్ళని ముందు ప్రయత్నించనివ్వండి.