ఒకే వ్యాసానికి నేను 8, ఆయన 14. విశ్లేషణకు మీరు మార్కులు ఎలా వేస్తున్నారు?

ఎర్రపెన్ను:
పేపర్లు దిద్దే వాళ్లందరికీ ఒక ప్రశ్న. మా డిగ్రీ పిల్లలకు ఈసారి విశ్లేషణాత్మక వ్యాసం ఇచ్చాం. కుందేలు, తాబేలు పందెం కథ ‘నిదానమే ప్రధానం’ అన్న నీతిని నిజంగా నిరూపిస్తోందా? ఇదీ ప్రశ్న. 20 మార్కులు. ఇద్దరం విడివిడిగా దిద్దాం. ఒక అమ్మాయి పేపర్‌కు నేను 8 వేస్తే, నా తోటి లెక్చరర్ 14 వేశారు. మళ్లీ చదివినా ఎవరి అంకె వాళ్లదే. ‘ఒక్క తప్పు లేదు, ఎంత ధారగా రాసిందో చూడండి’ అని ఆయన. ‘ధార సరే, కథ మళ్లీ చెప్పడం తప్ప ఏం చేసింది?’ అని నేను. 60 పేపర్లలో 11 దగ్గర ఇదే పేచీ. ఈ అమ్మాయికి సగటు తీసి 11 మార్కులు వేసేస్తే పనైపోతుంది. కానీ ఆ 11 మార్కులు ఆయన అభిప్రాయమూ కాదు, నాదీ కాదు. మీరైతే ఎలా తేలుస్తారు?

పేపర్లకట్ట:
ఇది నూరేళ్లు దాటిన పేచీ లెండి. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లిష్ పేపర్‌ను 142 మంది టీచర్ల చేత దిద్దించారు. నూటికి 64 నుంచి 98 దాకా పడ్డాయి. రెండో పేపర్‌కు 50 నుంచి 97. భాష కాబట్టి అలా అయిందని సరిపెట్టుకుందామంటే, ఆ తర్వాత జామెట్రీ పేపర్ పంపితే తేడా ఇంకా పెరిగింది!

నాకు ఇంతకన్నా పనికొచ్చింది 1961లో డీడరిక్ బృందం చేసిన పని. 300 వ్యాసాలు, దిద్దేవాళ్లు 53 మంది, తొమ్మిది మెట్ల స్కేలు. 101 వ్యాసాల్లో ఒక్కోదానికి ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్ని మెట్లూ ఎవరో ఒకరు వేశారు. ఎవరు దేన్ని చూసి మార్కులు వేస్తున్నారని విడదీస్తే ఐదు గుంపులు తేలాయి. కొందరికి ఆలోచన ముఖ్యం, కొందరికి అమరిక, కొందరికి రాసినవాళ్ల గొంతు, అంటే సొంత శైలి, కొందరికి వ్యాకరణం, కొందరికి పదాల ఎంపిక. మీరు మొదటి గుంపు, ఆయన చివరి రెండు గుంపుల మధ్య ఎక్కడో. ముందు ఏ గుంపుగా దిద్దాలో కూర్చుని మాట్లాడుకోండి. అంకెల గురించి తర్వాత.

మార్జిన్‌లోమాట:
ఆ పేపర్లోంచి ఒక పేరా ఇక్కడ పెట్టగలరా? పేరు లేకుండా.

ఎర్రపెన్ను:
ఇదిగో: ‘తాబేలు ఎక్కడా ఆగకుండా తన నడక తాను సాగించింది. గర్వంతో కళ్లు మూసుకుపోయిన కుందేలు చెట్టు నీడన నిద్రపోయింది. చివరికి తాబేలే గమ్యం చేరింది. పట్టుదల ఉన్నవారిని విజయం తప్పక వరిస్తుందని ఈ ఘట్టం మనకు చాటిచెబుతోంది.’

దీని పక్కనే ఇంకో అబ్బాయిది. దస్తూరి ఘోరం: ‘తాబేలు వేగం మొదట్లో ఎంతో చివర్లో అంతే. మారింది కుందేలు ఒక్కటే. అది పడుకోకపోతే అదే నిదానం ఓడిపోయేది. కాబట్టి గెలిపించింది నిదానం అనలేం, ఎదుటివాడి నిద్ర అనాలి. అయితే తాబేలు మధ్యలో ఆగి ఉంటే ఆ నిద్ర కూడా పనికొచ్చేది కాదు.’ దీనికి నేను 15, ఆయన 9.

మార్జిన్‌లోమాట:
నేనైతే ఆధారం తర్వాత వచ్చే వాక్యం చూస్తాను. మొదటి పేరాలో కుందేలు నిద్రపోయింది, తాబేలు చేరింది, వెంటనే నీతి. మధ్యలో మెట్టు లేదు. ‘ఈ ఘట్టం చాటిచెబుతోంది’ అన్న మాట ఆ మెట్టు ఉన్నట్టు నటిస్తుంది. రెండో పేరాలో ‘అది పడుకోకపోతే’ వాక్యాన్ని చేత్తో మూసి చదవండి. పేరా మొత్తం కూలిపోతుంది.

నేను పెన్సిల్ పట్టుకుని కథ చెప్పే వాక్యాల కింద ఒక గీత గీస్తాను. ఆ సంగతి వాదానికి ఎలా పనికొచ్చిందో చెప్పే వాక్యం కింద రెండు గీతలు. పేజీ అంతా ఒంటి గీతలే అయితే భాష ఎంత తియ్యగా ఉన్నా సగం మార్కులు దాటనివ్వను. టూల్మిన్ అనే తత్వవేత్త 1958లో వాదాన్ని విడదీసి చూపినప్పుడు ప్రతిపాదనకూ ఆధారానికీ మధ్య లంకె అని ఒకటి పెట్టాడు. పిల్లలు రాయకుండా వదిలేసేది ఎప్పుడూ దాన్నే. వాళ్ల మనసులో అది ఉంటుంది, కాగితం మీదకు రాదు.

ఆ అబ్బాయి ఆఖరి వాక్యం కూడా చూడండి. తన వాదానికి తనే అడ్డు చెప్పుకున్నాడు. 15 తక్కువేనేమో.

చివరిబెంచీ:
నేను దిద్దేవాణ్ని కాదు, దిద్దించుకున్నవాణ్ని. బడిలో ఉన్నన్నాళ్లూ ‘సొంత పైత్యం వద్దు, పుస్తకంలో ఉన్నది రాయి’ అని చెప్పి, డిగ్రీకి రాగానే ‘విశ్లేషించు’ అంటే ఆ అమ్మాయి ఏం చేస్తుంది సార్? ఇంతకాలం దేనికి మార్కులు పడ్డాయో అదే రాసింది. నా పేపర్ల మీద ‘లోతు లేదు’ అని రాసేవారు. లోతు అంటే ఏమిటో ఒక్కరూ రాయలేదు. ఈ రెండు గీతల సంగతి అప్పుడు తెలిస్తే బాగుండేది.

మార్జిన్‌లోమాట:
ఒప్పుకుంటాను తమ్ముడూ. నేను కూడా ‘లోతు లేదు’ బ్యాచే, చాలా ఏళ్లు.

రెండోచదువు:
ఒక హెచ్చరిక. తిరగేసి చెప్పిందల్లా విశ్లేషణ కాదు. ఇలాగే ఒకసారి కొత్తగా చెప్పిన పేపర్‌కు మంచి మార్కులు వేసి క్లాసులో చదివి వినిపించాను. మరుసటి వ్యాసంలో సగం మంది అన్నిటినీ తలకిందులు చేశారు. ఎవరూ ఆధారం చూపలేదు. ప్రతిపాదన దగ్గర నేను చూసేవి రెండే: ఎవరైనా ‘కాదు’ అనడానికి వీలుందా, ఆ తగవును మన ముందున్న పాఠం తీర్చగలదా. ‘ఈ కథ మంచి సందేశం ఇస్తుంది’ అంటే కాదనేవాడు లేడు. ‘తాబేలు మనసులో కుళ్లు ఉంది’ అంటే తేల్చడానికి కథలో ఏమీ లేదు. రెండూ దండగే.

కాలమ్‌వారీ:
మేం లంకెకే బరువు పెట్టాం. 20లో ప్రతిపాదన 4, ఆధారం 4, లంకె 7, అమరిక 3, భాష 2. ఇలా దేనికెన్ని మార్కులో చెప్పే పట్టిక (రూబ్రిక్) రాయడం తేలికే. మొదటి ఏడాది నేనేం చేశానంటే, పేపర్ మొత్తం చదివి ‘ఇది 13 పేపర్’ అనుకుని, 13 వచ్చేలా కాలమ్‌లు నింపాను. నవ్వకండి, మీరూ చేస్తారు. థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1920లోనే చూపించాడు, సైన్యంలో అధికారులు ఒక మనిషికి వేర్వేరు గుణాలకు రేటింగ్ ఇస్తే అన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి వచ్చాయని. ఇప్పుడు కట్ట మొత్తానికీ లంకె ఒక్కటే ముందు దిద్దుతాను. మళ్లీ మొదటి నుంచి ఆధారం. భాష అన్నిటికన్నా ఆఖర్న, మర్నాడు. టైమ్ ఎక్కువ పడుతుంది, నిజమే.

జంటపేపర్లు:
అంకె వేయకుండా రెండేసి పేపర్లు పక్కపక్కన పెట్టి ‘ఏది మెరుగు’ అని మాత్రం తేల్చి చూడండి. థర్‌స్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లో చెప్పిన పద్ధతి. ఇది ఎంత అని అడిగితే కొట్టుకునే వాళ్లం, రెంటిలో ఏది అంటే చాలాసార్లు ఒకే పేపర్ మీద చెయ్యి పెడతాం. 60 పేపర్లకూ కష్టం, మీ 11కి సరిపోతుంది.

పేపర్లకట్ట:
చాట్‌జీపీటీ వచ్చాక భాషకు 2 కూడా ఎక్కువే అనిపిస్తోంది. నాకు అనుమానం వస్తే పిల్లల్ని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి ‘ఈ వాక్యం ఎందుకు రాశావు?’ అని అడుగుతాను.

ఎర్రపెన్ను:
అప్‌డేట్. 11 పేపర్లూ ఇద్దరం లంకె ఒక్కటే చూస్తూ మళ్లీ దిద్దాం. అబ్బాయిది నాకు 15, ఆయనకు 14. అమ్మాయిది నాకు 9, ఆయనకు 11. ఒక్క పేపర్ దగ్గర మాత్రం ఇప్పటికీ నాలుగు మార్కుల తేడా. దాన్ని మూడో మనిషికి ఇచ్చాం.

ఆ అమ్మాయి మార్కుల కోసం వచ్చింది. గీతల సంగతి చెప్పి పెన్సిల్ తన చేతికే ఇచ్చాను. వరసగా ఒంటి గీతలు గీసుకుంటూ వెళ్లి ‘గర్వంతో కళ్లు మూసుకుపోయిన’ దగ్గర ఆగింది. ‘గర్వం వల్లే పడుకుందని మీరిచ్చిన కథలో లేదు కదా సార్? అలసిపోయి పడుకుందేమో?’ అంది. మళ్లీ రాసి తెస్తానంది. మార్కులు మారవన్నా తెస్తానంది. తెస్తే మార్కు వేయాలా, వ్యాఖ్య రాస్తే చాలా?

రెండోచదువు:
మార్కు వేయకండి. 1988లో రూత్ బట్లర్ పదకొండేళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనంలో వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగుపడ్డారు. మార్కూ వ్యాఖ్యా కలిపి ఇస్తే ఆ లాభం కనబడలేదు. మార్జిన్‌లో తను అడిగిన ప్రశ్ననే రాసి ఇచ్చేయండి.