ధ్యానంలోని ఎరుక దైనందిన జీవితంలో నిలవడం ఎలా?

రెండేళ్లుగా రోజూ ఉదయం 40 నిమిషాలు ఆనాపానసతి, అంటే శ్వాసను గమనించే ధ్యానం, చేస్తున్నాను. కూర్చున్నంతసేపూ మనసు నెమ్మదిస్తుంది. కానీ లేచిన గంటలోపే ఎవరైనా మాట తూలితే కోపం ఎప్పుడు పుట్టిందో, నోటి నుంచి జవాబు ఎప్పుడు వెలువడిందో నాకే తెలియదు. బౌద్ధుల ప్రాచీన గ్రంథసంపుటి అయిన పాళీ త్రిపిటకంలోని సతిపట్ఠాన సుత్తం, అంటే ఎరుకను నిలుపుకోవడం గురించిన బుద్ధుని ఉపదేశం, నడవడం, తినడం, మాట్లాడడం, మౌనంగా ఉండడం వంటి పనులన్నిటినీ ఎరుకతో చేయమంటుంది కనుక, లోపం నా సాధనలోనే ఉందని అనుకుంటున్నాను. బుద్ధుడు చెప్పిన అష్టాంగ మార్గంలో సమ్యక్ స్మృతితో (సరైన ఎరుకతో) పాటు సమ్యక్ వాక్కు (సరైన మాట) కూడా ఉందన్న సంగతిని, శ్వాస మీది మోజులో, ఇన్నాళ్లూ పట్టించుకోలేదేమో! మాట పెదవి దాటకముందే లోపలి వేదనను, అంటే సుఖంగానో దుఃఖంగానో కలిగే అనుభూతిని, గుర్తించడం అనుభవజ్ఞులు ఎలా అలవరచుకున్నారో, అందుకు కూర్చునే సమయం పెంచాలో, లేక పనుల మధ్యనే కొన్ని క్షణాలు ఆగి గమనించుకోవాలో దయచేసి తెలియజేయగలరు.