స్నేక్ డైక్ మీద ఇంకో నాలుగు బోల్టులు కొడితే తప్పేంటి?

నునుపుబండ: పోయిన నెల అమెరికాలోని యోసెమిటీలో హాఫ్ డోమ్ కొండ నైరుతి ముఖం మీది స్నేక్ డైక్ అనే దారిలో బండ ఎక్కాం. ఎనిమిది పిచ్‌లు (పిచ్ అంటే ఒక తాడు పొడవున ఎక్కే భాగం), కష్టం గ్రేడ్ 5.7, అంటే మరీ కష్టం కాదు. మనవల్ల అవుతుందిలే అనుకున్నా. తీరా పైన కొన్నిచోట్ల తాడు తగిలించే బోల్టుకీ బోల్టుకీ మధ్య 20 మీటర్లకు పైనే ఉంది! లీడ్ నేనే, అంటే తాడు తీసుకుని అందరికంటే ముందు ఎక్కేది. కిందికి చూస్తే ఆఖరి బోల్టు చొక్కా గుండీ అంత కనిపిస్తోంది. అక్కడ జారితే ఆ బోల్టు దాకా 20, దాని కిందికి ఇంకో 20, మొత్తం 40 మీటర్లు, అదీ గరుకు గ్రానైట్ మీద ఒళ్లంతా చెక్కుకుపోతూ. పిచ్‌కి ఇంకో రెండు కొడితే ఎవరి సొమ్ము పోయింది?

భువనగిరి బాబాయ్: 5.7 చూశావు సరే, పక్కనే ఉన్న ‘ఆర్’ చూశావా తమ్ముడూ? బోల్టులు దూరం, పడితే దెబ్బలు గట్టిగా తగులుతాయి అని చెప్పడానికే ఆ అక్షరం. కష్టమంతా కింది మూడు పిచ్‌లలోనే. ఆ పైన డైక్, అంటే వేరే రాతి చార, బండలోంచి పాములా ఉబ్బి ఉంటుంది, చేతికీ కాలికీ బొడిపెలు దొరుకుతూనే ఉంటాయి. నేను భువనగిరి గుట్ట మీద నేర్చుకున్నా. పైనుంచి రోప్ ఉంటే జారినా అడుగో రెండడుగులో. ఆ ధైర్యం లీడ్‌లో పనికిరాదు.

నునుపుబండ: బొడిపె ఊడితే బాబాయ్? అప్పుడు ఏ అక్షరం కాపాడుతుంది?

స్లాబ్ సుబ్బలక్ష్మి: 1965లో బెక్, బ్రిడ్‌వెల్, ఫ్రెడెరిక్స్ మొదటిసారి ఎక్కింది ఎక్కినట్టే ఉండాలంటారు కొందరు. కానీ రెండోసారి ఎక్కిన స్టీవ్ రోపర్ ఆ ముగ్గురి అనుమతితోనే బోల్టులు పెంచాడు. అంటే ముట్టుకోకూడదన్న రూలు మొదట్లోనే పోయింది! నా అనుమానం వేరే. బ్రిడ్‌వెల్ 2018లో పోయారు. రేపు ముగ్గురూ లేని రోజున అనుమతి ఎవరిని అడగాలి?

భువనగిరి బాబాయ్: మంచి ప్రశ్నే అమ్మా. అడగడానికి మనిషి లేడు కదా అని మాత్రం కొట్టేయకూడదు. పాత బోల్టు తుప్పు పడితే అదే చోట కొత్తది పెట్టండి, నేనూ సుత్తి మోస్తా. అక్కడ కరెంటు డ్రిల్లుకి పర్మిషన్ లేదు, చేత్తోనే తొలవాలి. ఇంకోటి, బోల్టులు పెరిగితే జనం పెరుగుతారు. మధ్యాహ్నం ఉరుము మొదలయ్యేసరికి మీ ముందు ఇంకా మూడు జట్లుంటే? పైకి చేరాక కూడా స్లాబ్ (ఏటవాలు బండ) మీద నడక, ఆ తర్వాత ఇనుప కేబుళ్లు పట్టుకుని దిగడం ఉంది.

స్లాబ్ సుబ్బలక్ష్మి: జనం పెరుగుతారని ప్రమాదాన్ని అలాగే ఉంచడం ఏం న్యాయం అండీ? పోనీ, ప్రతి పిచ్‌కి కాకుండా, జారితే బాగా దెబ్బ తగిలే రెండు చోట్ల మాత్రం పెడితే?

నునుపుబండ: నేను దానికి ఒప్పుకుంటా. మా చెల్లెలు వచ్చే వేసవిలో లీడ్ చేస్తానంటోంది. ఇప్పుడున్నట్టే పంపమంటారా?

భువనగిరి బాబాయ్: ముందు యోసెమిటీలోనే ఉన్న ట్వాలమీలో ఇంకాస్త కష్టమైన 5.8 స్లాబ్‌లు నాలుగు లీడ్ చేయించు. కాళ్లు వణక్కుండా వస్తే పంపు. లేదంటే ఆ ఏడాదికి సెకండ్‌గా, అంటే పైనున్నవాళ్లు పట్టిన తాడుతో వెనక, వెళ్లమను.